ఐదుకి నాలుగు వేశాను

మా బాబుకి ఎనిమిదో నెల నడుస్తుండగా ఆఫీసు మెయిల్‌కి ఒక సర్వే వచ్చింది. క్యాంటీన్ భోజనం ఎలా ఉంది, క్యాబ్ టైముకి వస్తోందా, జిమ్ వాడుతున్నారా, ఇలాంటివి ఓ పదిహేను. మధ్యలో ఒకటి: "మదర్స్ రూమ్ సదుపాయంపై మీ సంతృప్తి స్థాయి?" కింద ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలు. మదర్స్ రూమ్ అంటే పాలిచ్చే తల్లులు పంప్‌తో పాలు పిండుకుని దాచుకోవడానికి ఆఫీసులో ఇచ్చే గది. నేను నాలుగు మీద నొక్కి, సబ్మిట్ చేసి, అటు నడుస్తున్న కాల్‌లో అన్‌మ్యూట్ అయ్యాను. మొత్తం మూడు సెకన్లు పట్టి ఉంటుంది.

ఆ నాలుగు మాత్రం రెండేళ్ళుగా నన్ను వదలడం లేదు. ఎందుకంటే ఆ సర్వే రావడానికి వారం ముందు అదే మదర్స్ రూమ్‌లో కూర్చుని ఏడ్చాను. సర్వే వచ్చిన మూడు వారాలకి పంప్ బ్యాగు అటక ఎక్కించేశాను. మరి నాలుగెలా వేశాను? అబద్ధం చెప్పాలనుకోలేదు. భయం కూడా కాదు, లేదా అది భయమని అప్పటికి నాకు తెలీదు. గది ఉంది, తలుపుకి గడియ ఉంది, సోఫా ఉంది, చిన్న ఫ్రిజ్ ఉంది. పక్క బిల్డింగులో పనిచేసే నా స్నేహితురాలు బాత్రూంలో కమోడ్ మూత మీద కూర్చుని పిండుకునేది. దాంతో పోలిస్తే నాది రాజభోగం. ఒక్క మార్కు తగ్గించింది కూడా ఫ్రిజ్‌లో ఎవరో పెరుగన్నం డబ్బా పెడుతున్నారన్న కోపంతోనే.

గది సంగతి చెప్తాను. నా సీటు నాలుగో అంతస్తు, గది తొమ్మిదో అంతస్తు. లిఫ్టు కోసం నిలబడ్డం, తలుపు మీద చిన్నగా తట్టడం, లోపల ఎవరో తలనొప్పని పడుకుని ఉంటే బయట ఫోను చూసుకుంటున్నట్టు నటించడం (ఆ గదికి వెల్‌నెస్ రూమ్ అని ఇంకో పేరు కూడా ఉండేది, కాబట్టి పడుకోవడం తప్పు కాదు), సోఫాకి ప్లగ్ పాయింటు అందక గోడకి చేరగిలబడి కింద కూర్చోవడం, పిండడం, భాగాలు ఊడదీసి కడగడం, సీసా మీద టైము రాసి ఫ్రిజ్‌లో పెట్టడం, మళ్ళీ లిఫ్టు. తొందరగా అయితే 35 నిమిషాలు. మా స్టాండప్, అంటే రోజువారీ టీమ్ మీటింగు, పదకొండున్నరకి. నా క్యాలెండర్‌లో పదకొండు నుంచి "పర్సనల్" అని బ్లాక్ చేసుకునేదాన్ని. "పాలు" అని ఎవరు రాస్తారు?

ఏడ్చిన రోజు పెద్ద సంఘటనేమీ జరగలేదు. అదే ఈ విషయంలో చిక్కు. మా మేనేజర్ మంచి మనిషి, ఇద్దరు పిల్లల తండ్రి, నేను లీవు నుంచి వచ్చిన మొదటి రోజే "ఏం కంగారు పడకు, టైం తీసుకో" అన్నాడు. ఆ రోజు మాత్రం క్లయింట్ కాల్ సాయంత్రం నాలుగుకి జరిగింది, నాలుగు నా రెండో టైము. "ఒక్క పది నిమిషాలు ఉండి వెళ్ళిపో" అన్నాడు. ఆ పది నిమిషాలు గంటయ్యింది. పైకి వెళ్ళేసరికి రొమ్ములు రాళ్ళలా ఉన్నాయి, నొప్పి చంక దాకా లాగుతోంది, అయినా పంప్ పెడితే ఇరవై నిమిషాలకి సీసా అడుగు కూడా నిండలేదు. నిండా పాలున్నాయి, బయటికి రావడం లేదు. అటు ఫోనులో మెసేజ్ టింగుమంటోంది: "ఎక్కడున్నావ్, క్లయింట్ ఇంకో డౌట్ అడుగుతున్నారు."

ఇది మా అమ్మకి చెప్తే ఒక్క ముక్కలో తేల్చేసింది. "చేపు రాలేదే."

పాడి ఉన్న ఇళ్ళలో పెరిగినవాళ్ళకి ఈ మాట వివరించక్కర్లేదు. గేదె దగ్గరికి ముందు దూడని వదులుతారు, అది నాలుగు కుమ్ములు కుమ్మి చీకితే గేదె చేపుతుంది, అంటే పాలు కిందికి వదులుతుంది, అప్పుడు దూడని లాగి కట్టేసి పితుకుతారు. కొత్త మనిషి కూర్చున్నా, కుక్క అరిచినా, పితికేవాడు విసుక్కున్నా గేదె పాలు బిగబట్టేస్తుంది. పొదుగు నిండుగానే ఉంటుంది, చెంబులో చుక్క పడదు. మనిషికీ అంతే. ఆక్సిటోసిన్ అనే హార్మోను వస్తేనే పాలు కిందికి దిగుతాయి, టెన్షన్‌లో అది సరిగా రాదు. పైగా పాలు లోపలే నిలవుంటే శరీరం "ఇంక అక్కర్లేదు కాబోలు" అనుకుని తయారీ తగ్గించేస్తుంది. ఈ రెండూ కలిస్తే మూడు వారాల్లో పంప్ అటకెక్కుతుంది.

1948లో మైకేల్ న్యూటన్, నైల్స్ న్యూటన్ అనే దంపతులు ఒక తల్లి మీద చేసిన ప్రయోగం గురించి తర్వాత చదివాను. ఆమె బిడ్డకి పాలిస్తుంటే కాళ్ళు ఐసు నీళ్ళలో పెట్టించారు, కాలి బొటనవేళ్ళు నొప్పి పుట్టేలా లాగారు, లెక్కలు అడిగి తప్పు చెప్తే కరెంటు షాకు ఇచ్చారు. (ఈ మూడోది చదివినప్పుడు మా ఆఫీసులో పని పంచుకునే స్ప్రింట్ ప్లానింగ్ మీటింగు గుర్తొచ్చింది.) ఏ గొడవా లేనప్పుడు బిడ్డ తాగింది సగటున 168 గ్రాములు, గొడవ పెట్టినప్పుడు 99 గ్రాములు, అదే గొడవలో ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తే 153. అంటే పాలు ఎక్కడికీ పోలేదు. చేపు ఆగిపోయింది, అంతే.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, "ఆఫీసులో సపోర్ట్ ఉందని తల్లులు అనుకుంటున్నారా" అని కొలవడం మెత్తటి వ్యవహారమనీ, గదులు లెక్కపెట్టడమే గట్టి లెక్క అనీ చాలామంది అనుకుంటారు. నాతో పాటు చదువుకున్న ఒక టీమ్ లీడ్ నాతో అన్నాడు, "టెన్షన్ పడేవాళ్ళు ఎక్కడైనా పడతారు, దానికి కంపెనీ ఏం చేస్తుంది, గది కట్టించిందిగా." బాబూ, మిగతా సదుపాయాల విషయంలో నువ్వన్నది నిజమేమో. పార్కింగ్ గురించి నేనేమనుకున్నా నా కారు పార్కవుతుంది. పాల విషయంలో నేనేమనుకుంటున్నాను అన్నదే సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో తేలుస్తుంది. ఇక్కడ అభిప్రాయం అనేది గది లాగా, ఫ్రిజ్ లాగా అసలు సరంజామాలో ఒక భాగం.

ఈ సంగతి తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆఫీసులో సపోర్ట్ గురించి తల్లులేమనుకుంటున్నారో కొలిచే ప్రశ్నావళులు 2008లో అమెరికాలో రెండు వచ్చాయి. ఒకటి మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులది, 40కి పైగా వాక్యాలు. ఒక్కో వాక్యానికి ఎంతవరకు ఒప్పుకుంటారో తల్లి చెప్పాలి. ఒక వాక్యానికి ఒప్పుకున్నవాళ్ళు ఇంకే వాక్యాలకి ఒప్పుకుంటున్నారో లెక్కగట్టి చూస్తే నాలుగు గుంపులు తేలాయి: కంపెనీ పద్ధతులూ అక్కడి వాతావరణం, మేనేజర్, తోటి ఉద్యోగులు, పని సాగే తీరు. రెండోది 12 ప్రశ్నల చిన్నది, అందులోనూ నాలుగే గుంపులు, సదుపాయాలు ఒకటైతే తోటివాళ్ళు ఇంకొకటి. మా ఆఫీసు సర్వేలోని ఆ ఒక్క ప్రశ్నని వీటి పక్కన పెట్టి చూసుకున్నాను. నన్ను గది గురించి అడిగారు. నేను గది గురించే చెప్పాను. నాలుగుకి జరిగిన కాల్ గురించి, టింగుమన్న మెసేజ్ గురించి, "మళ్ళీ కాఫీయా?" అని నవ్విన పక్క సీటు కుర్రాడి గురించి ఎవరూ అడగలేదు.

అయితే ఆ అమెరికా ప్రశ్నల్ని తెచ్చి తెలుగులో దింపితే పనైపోతుందని నేననుకోను. నాకే ఒకసారి సరదా పుట్టి కొన్ని అనువాదం చేసి చూశాను. మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. సపోర్ట్‌ని ఏమనాలి? "మద్దతు" అంటే బయటి నుంచి మద్దతిస్తున్న పార్టీలా ఉంది. "తోడ్పాటు" అంటే పాఠ్యపుస్తకం. సరే, సపోర్ట్ అనే ఉంచి మా ఫ్లోరు హౌస్‌కీపింగ్ అమ్మాయిని అడిగాను. అప్పటికి తనకి ఐదో నెల పాప. కాన్పుకి ముందు పాత ఏజెన్సీలో మానేసి, పాపకి మూడో నెల రాగానే కొత్త ఏజెన్సీలో చేరింది. పాప అత్తగారి దగ్గర, పోతపాల మీద.

"పాల కోసం కాసేపు పక్కకి పోతే మీ సూపర్‌వైజర్ ఏమన్నా అంటాడా?"

"ఏమనడు మేడం. మంచోడే."

"మరి పోతావా?"

"ఎక్కడికి పోవాలె మేడం? ఇంటికి పోయి రానీకి గంటన్నర. నొప్పి లేస్తే బాత్రూంల పిండి పారబోస్త."

అప్పుడు తన చేతిలో తొమ్మిదో అంతస్తు తాళాల గుత్తి ఉంది. మదర్స్ రూమ్‌ని రోజూ రెండుసార్లు తుడిచేది తనే. మరి అక్కడ కూర్చోవచ్చుగా అన్నాను, అన్నాక నోరు కరుచుకున్నాను. "గది మీ రూం కద మేడం" అంది, కోపంగా కాదు, నాకు తెలియని విషయం చెప్పినట్టు.

ఈ అమ్మాయికి సర్వే ఇస్తే ఐదుకి ఐదు వేస్తుంది. "ఏమనడు" అంటే మన దగ్గర అది పెద్ద సర్టిఫికెట్. కోడలిని అత్త ఏమనదు, అద్దెకున్నవాళ్ళని ఓనరు ఏమనడు, అంతకంటే మంచివాళ్ళు ఇంకెవరుంటారు! తిట్టకపోవడమే సపోర్ట్ అయిపోయిన చోట ఒకటి నుంచి ఐదు దాకా ఉన్న స్కేలు మీద ఒకటి ఎక్కడుంటుంది?

అలాగని నవ్వుకోవడానికి లేదు, నా నాలుగు కూడా ఆ జాతిదే. మా అమ్మది ఇంకా పెద్దది. నేను పుట్టినప్పుడు అమ్మ ప్రకాశం జిల్లాలో పొగాకు గ్రేడింగ్‌కి వెళ్ళేది. ఆకు పంచడం, రంగుల వారీగా కట్టలు కట్టడం, రోజంతా ఆ ఘాటులో. నన్ను కూడా తీసుకెళ్ళేది, బయట వేపచెట్టుకి చీర ఉయ్యాల, మా పెద్దమ్మ కూతురు ఊపుతూ కాపలా. మొన్న ఫోనులో అడిగాను, మేస్త్రి నీకు పాలివ్వడానికి టైం ఇచ్చేవాడా అని.

"ఇవ్వకేం? నువ్వేడిస్తే షెడ్డంతా వినపడేది, వాళ్ళే పో పో అని తోలేవాళ్ళు. చేతులు మూడుసార్లు సబ్బుతో కడుక్కున్నా చేదు పోయేది కాదు, నువ్వు మొహం తిప్పుకునేదానివి. మేస్త్రి చాలా మంచోడమ్మా." కాస్త ఆగి, "ఆ టైముకి కూలి కోసుకునేవాడు, అది ఎవరికైనా కోసేవాడులే" అంది.

ఇది విన్నాక నాకు రెండు విషయాలు పట్టుకున్నాయి. మొదటిది, అమ్మ "పాలిచ్చొస్తా" అని నలభై మంది మధ్య గట్టిగా చెప్పి లేచేది, నేను అద్దాల బిల్డింగులో క్యాలెండర్ మీద కూడా ఆ మాట రాయలేకపోయాను. తోటివాళ్ళ విషయంలో అమ్మకి నిజంగానే నాకంటే ఎక్కువ మార్కులు పడాలి. రెండోది, కూలి కోత. దాన్ని అమ్మ నష్టంగా లెక్కేసుకోలేదు, ఎందుకంటే కోయకుండా ఉండాలని ఒక చట్టం ఉందని ఆమెకి ఎవరూ చెప్పలేదు.

చట్టం అప్పటికే ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టంలోనే బిడ్డకి 15 నెలలు వచ్చేదాకా రోజుకి రెండుసార్లు పాలివ్వడానికి విరామం ఉంది, మామూలు విశ్రాంతి సమయం కాకుండా అదనంగా. 2017 సవరణతో లీవు 26 వారాలు అయింది, 50 మంది, అంతకు మించి పనిచేసే చోట క్రెష్ (పసిపిల్లల్ని చూసుకునే చోటు) ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు అక్కడికి వెళ్ళి రావచ్చు. 2020 సామాజిక భద్రతా స్మృతిలోకి కూడా ఇవే వచ్చాయి. 26 వారాల సంగతి అందరికీ తెలుసు. రెండు విరామాల సంగతి మా టీములో ఎవరికి తెలుసని అడిగితే హెచ్ఆర్ అమ్మాయితో సహా నోరు తెరిచారు. నాకూ పంప్ అటకెక్కాకే తెలిసింది. ఇంకో తమాషా, ఈ ప్రయోజనాలన్నీ ఉద్యోగంలో చేరేటప్పుడే ప్రతి మహిళకీ రాతపూర్వకంగా చెప్పాలని కూడా 2017 సవరణలో ఉంది. నా అపాయింట్‌మెంట్ లెటర్ పీడీఎఫ్ తీసి వెతికాను. లీవు గురించి ఒక లైను, అంతే.

విరామం ఎంతసేపు? అది చట్టంలో లేదు, నియమాలకి వదిలేశారు. 1963లో గనులకి చేసి, తర్వాత సర్కస్‌లకీ వర్తింపజేసిన కేంద్ర నియమాల్లో ఒక్కోటి 15 నిమిషాలు, దానికి తోడు బిడ్డ ఉన్న చోటికి వెళ్ళి రావడానికి 5 నుంచి 15 నిమిషాలు. (సర్కస్‌లో పనిచేసే తల్లిని తలుచుకున్న ఆ గుమస్తా ఎవరో గానీ దండం పెట్టాలి.) 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన తొట్టతొలి ప్రసూతి ఒప్పందంలో రోజుకి రెండు అరగంటలు ఉన్నాయి. మన చట్టం ఊహించుకున్న తల్లి వేరు: బిడ్డ ఫ్యాక్టరీ పక్క క్రెష్‌లోనో, గని గట్టునో ఉంటుంది, వెళ్ళి ఒళ్ళో వేసుకుని పాలిచ్చి వస్తుంది. నా బిడ్డ మియాపూర్‌లో, నేను గచ్చిబౌలిలో, మధ్యలో ట్రాఫిక్. డాలస్‌లో ఉన్న మా పిన్ని కూతురిది మరో రకం: అక్కడి చట్టం పాలు పిండుకునే తల్లినే ఊహించుకుంది. పిండుకోవడానికి బాత్రూం కాని చోటు ఇవ్వాలని 2010లో పెట్టారు, 2022 చివర్లో ఇంకా ఎక్కువమందికి విస్తరించారు. కానీ జీతంతో లీవు మాత్రం దేశమంతటికీ వర్తించే చట్టం ఏదీ లేక తను ఆరు వారాలకే ఆఫీసులో కూర్చుంది. మా ఇద్దరికీ చెరో సగం చేతికొచ్చింది.

కాబట్టి నా వాదన ఇది. తల్లి ఏమనుకుంటోందో కొలవండి, తప్పకుండా కొలవండి, గది లెక్క ఎప్పటికీ దానికి సాటి రాదు. కానీ ఆ ప్రశ్నకి ముందు ఇంకో ప్రశ్న అడగండి: మీకేం రావాలో మీకు తెలుసా? రోజుకి రెండు విరామాలు మీ హక్కని తెలుసా, ఎన్ని నెలల దాకా? ఈ జవాబు పక్కన లేకుండా ఆ మార్కుకి అర్థం లేదు. ఏమీ తెలియని అమ్మాయి వేసిన ఐదూ, అన్నీ తెలిసినావిడ వేసిన మూడూ ఒకే గంపలో వేసి సగటు తీసి "మా సంస్థలో తల్లుల సంతృప్తి 80 శాతం" అని ఆగస్టు మొదటి వారంలో తల్లిపాల వారోత్సవాలకి గులాబీ రంగు పోస్టరు వేస్తే, అది కొలత కాదు. తెలుసుకున్నాక మార్కులు పడిపోతాయి, అది కూడా చెప్పాలి. హక్కుల గురించి బాగా చెప్పిన ఆఫీసుకి మొదటి ఏడాది తక్కువ మార్కులొస్తాయి. ఆ తక్కువకి భయపడి చెప్పడం మానేసే హెచ్ఆర్‌లు ఉంటారు.

ప్రశ్నలు కూడా "సంతృప్తి స్థాయి" లాంటివి కాకుండా జరిగిన వాటి గురించి ఉంటే బాగుంటుంది. పోయిన వారం ఎన్నిసార్లు టైం దాటిపోయింది, ఎవరి వల్ల? జాకెట్టు తడిసి చున్నీ కప్పుకుని మీటింగులో కూర్చున్నారా? సీసా చేతిలో ఉండగా ఎదురైతే దాచారా? అన్నిటికంటే నాకు ఇష్టమైనది: గదికి వెళ్తూ "ఎక్కడికి?" అని ఎవరైనా అడిగితే ఏం చెప్పారు? నేను "కాఫీకి" అని చెప్పేదాన్ని. ఎనిమిదో నెలలో అందుకే "మళ్ళీ కాఫీయా" అని వినాల్సొచ్చింది. ఆ కుర్రాడి తప్పు కూడా పూర్తిగా లేదు, పాపం, వాడు నేను రోజుకి మూడు కాఫీలు తాగుతున్నాననే అనుకున్నాడు. ఒక ఆఫీసులో ఎంతమంది తల్లులు అబద్ధం చెప్పి లేస్తున్నారో తెలిస్తే చాలు, 40 వాక్యాలు అక్కర్లేదేమో అనిపిస్తుంది నాకు. ఇది శాస్త్రం కాదు, నా అనుభవం.

ఎవరిని అడుగుతున్నారన్నది ఇంకో గొడవ. మా సర్వే ఆ రోజు ఉద్యోగంలో ఉన్నవాళ్ళకే వచ్చింది. నా బ్యాచ్‌లో ఒకమ్మాయి లీవు అయ్యాక నెలన్నర పనిచేసి మానేసింది. ఎగ్జిట్ ఫారంలో "వ్యక్తిగత కారణాలు". తను ఉంటే ఏం మార్కు వేసేదో ఎవరికీ అక్కర్లేదు. లీవు నుంచి వచ్చేలోపే, ఎలాగూ ఆఫీసులో కుదరదని ఐదో నెల నుంచే డబ్బా పాలు అలవాటు చేసినవాళ్ళు ఇంకా ఎక్కువ. వాళ్ళు ఆ గది గడప కూడా తొక్కలేదు, కాబట్టి గది మీద వాళ్ళకి ఫిర్యాదు లేదు. దేశంలో ఆరు నెలల లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగేవాళ్ళు 63.7 శాతమని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మిగతావాళ్ళలో ఎంతమంది తల్లులు ఆఫీసుని ఊహించుకునే మానేశారో ఆ అంకెలో కనపడదు. డబ్బా పాలు ఇచ్చిన తల్లులని తప్పు పట్టడం లేదు, ఆఖరికి నేనూ ఇచ్చాను.

ఇక హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, క్యాంటీన్ వాళ్ళు. వీళ్ళు మా ఉద్యోగులు కాదు, ఏజెన్సీ ఉద్యోగులు అంటారు. ప్రసూతి ప్రయోజనాలు దినకూలీలకి కూడా ఇవ్వాల్సిందేనని ఢిల్లీ మున్సిపల్ కార్పొరేషన్ మస్టర్ రోల్ (దినకూలీల హాజరు పట్టీ) మహిళల కేసులో సుప్రీంకోర్టు 2000లోనే చెప్పింది. ఇరవై ఐదేళ్ళు దాటింది. ఏ బిల్డింగులోనైనా పాలిచ్చే తల్లుల్ని లెక్కపెడితే ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు ఎంతమందో, చీపురు ఉన్నవాళ్ళు కూడా అంతమంది ఉండొచ్చు.

ఈ ఏడాది మళ్ళీ సర్వే వచ్చింది. ప్రశ్న అదే, చుక్కలవే. ఈసారి కింద "ఇతర సూచనలు" అని ఒక డబ్బా పెట్టారు, 250 అక్షరాలు. పైన నా మెయిల్ ఐడీ బూడిద రంగులో కనిపిస్తోంది, పక్కనే "మీ జవాబులు గోప్యంగా ఉంచబడతాయి" అని. నాకిప్పుడు ఆ గదితో పని లేదు. అయినా రెండు విరామాల గురించి, 15 నెలల గురించి, నాలుగుకి పెట్టే కాల్స్ గురించి రాసి, 250 దాటిపోతే మూడుసార్లు కుదించి పంపాను. సంతృప్తి దగ్గర రెండు వేశాను.

పంపాక నీళ్ళ సీసా నింపుకోవడానికి లేస్తే ఆ హౌస్‌కీపింగ్ అమ్మాయి ప్యాంట్రీలో కనపడింది. పాప ఇప్పుడు పరుగులు పెడుతోందట. మాటల మధ్యలో అడిగాను, ఇవాళ ఒక సర్వే వచ్చింది, నీకూ వచ్చిందా అని.

"మాకు మెయిల్ ఐడీలు ఉండయి కద మేడం" అంది.